రేడియేషన్ అయిపోయిన రెండు నెలలకు దగ్గు ఎందుకొచ్చింది?

హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక పాఠకురాలు తన తల్లి గురించి రాసిన ఉత్తరం ఇది. చాలా పెద్దది కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

తల్లికి 58 ఏళ్లు. కొత్తగూడెం దగ్గర పల్లెలో కొడుకు ఇంట్లో ఉంటారు. కిందటేడాది కుడి రొమ్ములో కాన్సర్ బయటపడింది. ఆపరేషన్ చేసి రొమ్ము తీసేశారు. చంకలో తీసిన గ్రంథుల్లో మూడింటికి కాన్సర్ పాకిందని రిపోర్టు వచ్చింది. కీమో అయ్యాక రేడియేషన్ కూడా కావాలన్నారు డాక్టర్లు. ‘కోసి తీసేశారు కదమ్మా, ఇంకా కరెంటు ఎందుకు’ అని తల్లి వద్దన్నారు. అన్నయ్య కూడా వద్దన్నాడు. ఈమే ఇద్దరినీ ఒప్పించి, తల్లిని తన దగ్గర ఉంచుకుని 15 సిట్టింగులూ చేయించారు. అంతా బాగానే అయిపోయింది, తల్లి ఊరికి వెళ్లిపోయారు.

రెండు నెలల తర్వాత పొడి దగ్గు మొదలైంది. అక్కడి డాక్టర్ రెండుసార్లు యాంటీబయాటిక్స్ మార్చి ఇచ్చినా తగ్గలేదు. హైదరాబాద్ తీసుకొచ్చి సీటీ స్కాన్ తీయిస్తే ‘రేడియేషన్ న్యూమోనైటిస్’, అంటే కిరణాల వల్ల ఊపిరితిత్తికి వచ్చిన వాపు అన్నారు. స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టాక దగ్గు సగానికి తగ్గింది. కానీ షుగర్ 280 దాటింది, ముఖం ఉబ్బింది, రాత్రిళ్లు నిద్ర లేదు. రెండు వారాలు తిరక్కుండానే తల్లి విసిగిపోయి మాత్రలన్నీ ఆపేశారు. రోజూ వేసుకోవలసిన లెట్రోజోల్ హార్మోన్ మాత్ర కూడా అందులోనే పోయింది. వారంలో దగ్గు మళ్లీ మొదలైంది. ఇప్పుడు గేటు దాకా నడిస్తే ఆయాసం వస్తోంది.

మావయ్య ఊళ్లో ఆర్‌ఎంపీకి చూపిస్తే ‘ఇది టీబీలా ఉంది, కోర్సు మొదలుపెడదాం’ అన్నాడట. ఇంకెవరో, కాన్సర్ తిరగబెట్టిందేమో పెట్ స్కాన్ తీయించమంటున్నారు. ఒంట్లో కిరణాలు ఉంటాయని వదిన మూడేళ్ల పాపను నానమ్మ దగ్గర పడుకోనివ్వడం లేదు. అన్నయ్య అయితే ‘అమ్మ ఊపిరితిత్తులు నువ్వే కాల్పించావు’ అని మాట్లాడటం మానేశాడు. తల్లికి మాత్రం ఈ దగ్గు రేడియేషన్ వల్ల వచ్చిందని ఎవరూ చెప్పలేదు.

‘నేను తప్పు చేశానా? మాత్రలు మళ్లీ మొదలుపెట్టాలా, వాటి బాధకన్నా దగ్గే నయమా? అమ్మకు నిజం చెప్పాలా? ఆస్పత్రి మీద ఫిర్యాదు చేయాలా?’ ఇవీ ఆమె అడిగిన ప్రశ్నలు.

సమాధానం:

అమ్మా, మీ ప్రశ్నలకు జవాబు చెప్పేముందు ఒక పని చేయండి. ఈ ఉత్తరం చదివిన రోజే ఊరికి ఫోన్ చేసి, వేలికి పెట్టే ఆక్సీమీటర్ ఒకటి తెప్పించమనండి. అమ్మ కూర్చుని ఉండగా ఒకసారి, ఇంట్లోనే రెండు మూడు నిమిషాలు నడిచాక ఇంకోసారి ఆక్సిజన్ చూసి రాసిపెట్టమనండి. కూర్చున్నప్పుడే 94 కంటే తక్కువ ఉన్నా, నడిచాక నాలుగు పాయింట్లు పడిపోయినా ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, రీడింగ్ 90కి దిగినా, కళ్లెలో రక్తం కనిపించినా, ఒక కాలు మాత్రమే వాచి ఉన్నట్టుండి ఛాతీలో నొప్పి వచ్చినా దగ్గర్లో ఆక్సిజన్ ఉన్న ఆస్పత్రికి వెంటనే తీసుకెళ్లాలి. ఆ చివరిదాన్ని వేరుగా ఎందుకు చెప్తున్నానంటే, కాన్సర్ వచ్చినవాళ్లలో కాలి రక్తనాళంలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తికి వెళ్లి ఇరుక్కునే ప్రమాదం మామూలు వాళ్లకంటే ఎక్కువ. ఆయాసాన్నంతా రేడియేషన్ ఖాతాలో వేస్తే అది తప్పిపోతుంది.

ఇక మీ అన్నయ్య అన్న ‘కాల్పించావు’ అన్న మాట. మీ ఇంట్లో గొడవలన్నీ ఈ ఒక్క మాట మీదే నిలబడి ఉన్నాయి. ఊపిరితిత్తి లోపల నిజంగా ఏం జరుగుతుందో తెలిస్తే స్టెరాయిడ్ గురించీ, మీ అపరాధ భావం గురించీ మీరే చాలావరకు తేల్చుకోగలరు. అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

ఊపిరితిత్తిలో గాలి చేరే బుడగల్లాంటి చిన్న గదులు 30 కోట్లకు పైనే ఉంటాయి. ఒక్కో గది గోడ చాలా పలచన. గోడకు ఇటు గాలి, అటు సన్నని రక్తనాళం. ఆ గోడను లోపలివైపు రెండు రకాల కణాలు కప్పి ఉంచుతాయి. మొదటి రకం కణాలు పలచగా పరుచుకుని దాదాపు 95 శాతం వైశాల్యాన్ని కప్పుతాయి, వాటి గుండానే ఆక్సిజన్ రక్తంలోకి వెళ్తుంది. రెండో రకం కణాలు మూలల్లో ఉంటాయి. గది ముడుచుకుపోకుండా ఉంచే సర్ఫాక్టెంట్ అనే పలచని పూత పదార్థాన్ని తయారుచేసేవి ఇవే. మొదటి రకం కణం చనిపోతే దాని స్థానంలోకి కొత్త కణం వచ్చేదీ వీటి నుంచే.

మీ అమ్మకు ఛాతీ గోడ మీదా, మెడ ఎముక పైన గ్రంథుల ప్రాంతం మీదా కిరణాలు పెట్టి ఉంటారు. ఛాతీ గోడకు కిరణాన్ని ఏటవాలుగా పంపుతారు, దాని వెనకే ఆనుకుని ఉన్న ఊపిరితిత్తి అంచు కొంత అందులో పడుతుంది. మెడ దగ్గర పెట్టినప్పుడు ఊపిరితిత్తి పైకొన పడుతుంది. ఎంత జాగ్రత్తగా ప్లాన్ చేసినా ఆ కొంచెం తగలక తప్పదు. కిరణం ఒంట్లో గడిపే సమయం లెక్కలోకే రాదు. కణంలోని నీటిని విడగొట్టి, అతి చురుకైన అణువులను పుట్టించి, సెకను కూడా గడవకముందే దాని పని అయిపోతుంది. ఆ అణువులూ, కిరణమూ కలిసి కణంలోని డీఎన్‌ఏ పోగుల్ని అక్కడక్కడ తెంపుతాయి. చాలావాటిని కణం కొన్ని గంటల్లోనే సరిచేసుకుంటుంది. రెండు పోగులూ ఒకేచోట తెగినవి మాత్రం కొన్ని సరిగ్గా అతుక్కోవు.

అలా అతుకు సరిగా పడని కణం అప్పుడే చచ్చిపోదు. మామూలుగానే పనిచేసుకుంటూ ఉంటుంది. రెండుగా విడిపోవలసిన రోజు వచ్చినప్పుడు విడిపోలేక చనిపోతుంది. చర్మం కణాలు త్వరత్వరగా విడిపోతుంటాయి, అందుకే రేడియేషన్ జరుగుతుండగానే అమ్మ ఛాతీ మీద చర్మం నల్లబడి మండి ఉంటుంది. ఊపిరితిత్తి కణాలు చాలా నెమ్మది. వాటి వంతు రావడానికి వారాలు, నెలలు పడుతుంది. రేడియేషన్ అయిపోయాక సాధారణంగా ఒకటి నుంచి ఆరు నెలల మధ్య, ఎక్కువమందిలో రెండు మూడు నెలలకు దగ్గు మొదలయ్యేది అందుకే. అమ్మకు రెండు నెలలకు రావడం ఈ లెక్కకు సరిగ్గా సరిపోతుంది. కిరణమే కాల్చి ఉంటే ఆ వారమే తెలిసేది.

కణాలు చావడంతోనే కథ ముగిసిపోతే ఇంత బాధ ఉండేది కాదు. రక్తనాళం లోపొర దెబ్బతిని నీరు కారుతుంది, గోడలు ఉబ్బుతాయి. సర్ఫాక్టెంట్ తయారీ తగ్గి గదులు ముడుచుకుంటాయి. దెబ్బను పసిగట్టిన రోగనిరోధక కణాలు అక్కడికి చేరి, ఇంకొన్నింటిని రమ్మని రసాయన సంకేతాలు పంపుతాయి. టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్లు, టీజీఎఫ్-బీటా అని మీ డాక్టర్ నోట వినబడే పేర్లు వీటివే. అమెరికాలోని రోచెస్టర్ యూనివర్సిటీలో ఫిలిప్ రూబిన్ బృందం 1995లో చిట్టెలుకల మీద చేసి చూపిన విషయం ఈ రంగంలో అందరి ఆలోచననూ మార్చింది. పైకి ఏ లక్షణమూ లేని ఆ ‘నిశ్శబ్ద’ కాలంలో కూడా ఊపిరితిత్తి ఊరికే ఉండదు. కిరణం తగిలిన కొద్ది కాలానికే సంకేతాలు మొదలై, ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటూ నెలల తరబడి నడుస్తూనే ఉంటాయి. మీరు అమ్మను బస్సెక్కించి ఊరికి పంపిన రోజున కూడా ఇది నడుస్తూనే ఉంది. అప్పుడు ఎక్స్‌రే తీయించి ఉన్నా ఏమీ కనబడేది కాదు.

ఆ సంకేతాల్లో టీజీఎఫ్-బీటాది ప్రత్యేకమైన పాత్ర. అది ఫైబ్రోబ్లాస్ట్ అనే కణాలను కొల్లాజెన్ పోగులు నేయమని పురమాయిస్తుంది. గాయం మానడానికి కొంత కొల్లాజెన్ కావలసిందే. గోడకు చిల్లు పడిందని పిలిస్తే, చిల్లు పూడ్చాక కూడా వెళ్లకుండా కిటికీల మీదుగా సిమెంటు పూస్తూ పోయే మేస్త్రీల్లా ఈ కణాలు కొందరిలో ఆగవు. గోడలు మందమెక్కుతాయి, ఆ మేరకు ఆక్సిజన్ అందదు, ఆక్సిజన్ తగ్గడమే మళ్లీ టీజీఎఫ్-బీటాను పెంచుతుంది. ఇలా మచ్చ గట్టిపడటాన్ని ఫైబ్రోసిస్ అంటారు. రేడియేషన్ తర్వాత ఆరు నెలల నుంచి మొదలై ఏడాది, రెండేళ్లకు స్థిరపడుతుంది. ఇప్పుడు అమ్మకు ఉన్నది దానికి ముందు దశ, న్యూమోనైటిస్. ఇది వాపు. వాపు మీద మందు పనిచేస్తుంది, మచ్చను పోగొట్టే మందు ఇంతవరకు లేదు.

ఒకే మోతాదు అందరినీ ఒకేలా ఎందుకు దెబ్బతీయదని మీకు అనిపించి ఉంటుంది. సి57 అనే నల్ల చిట్టెలుకలకూ, సి3హెచ్ అనే మరో జాతి చిట్టెలుకలకూ ఛాతీ మీద ఒకేలా రేడియేషన్ ఇస్తే మొదటి జాతిలో ఎక్కువగా మచ్చ, రెండో జాతిలో ఎక్కువగా వాపు వస్తాయి. పుట్టుకతో వచ్చిన జన్యువుల తేడా అది. మనుషుల్లోనూ అలాంటి తేడాలు ఉన్నాయి, కానీ ఎవరికి వస్తుందో ముందే చెప్పే పరీక్ష ఇంకా మన చేతికి రాలేదు. రొమ్ము కాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్నవాళ్లలో మందు వేయవలసినంత న్యూమోనైటిస్ వచ్చేది నూటికి ఒకరి నుంచి ఐదుగురి దాకా. గ్రంథుల ప్రాంతానికి కూడా పెట్టినప్పుడు కాస్త ఎక్కువ.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. ఆపరేషన్‌లో రొమ్ము తీసేశాక ఇంకా రేడియేషన్ ఎందుకన్న అమ్మ అనుమానం న్యాయమైనదే, చాలామంది డాక్టర్లు కూడా ఒకప్పుడు అలాగే అడిగారు. దానికి సమాధానంగా 22 ట్రయల్స్‌లోని ఎనిమిది వేల మందికి పైగా స్త్రీల వివరాలను కలిపి 2014లో ప్రచురించారు. రొమ్ము తీసేసి, చంకలో ఒకటి నుంచి మూడు గ్రంథుల్లో కాన్సర్ ఉన్న స్త్రీలలో రేడియేషన్ తీసుకోనివాళ్లలో ఇరవై ఏళ్లలో రొమ్ము కాన్సర్‌తో చనిపోయినవాళ్లు నూటికి యాభై మంది, తీసుకున్నవాళ్లలో నలభై రెండు మంది. అవి పాతకాలపు ట్రయల్స్. ఇవాళ కీమో, హార్మోన్ మందులు మెరుగుపడ్డాయి కాబట్టి రెండు అంకెలూ అంతకంటే తక్కువే ఉంటాయి. అమ్మకున్నవి మూడు గ్రంథులు. మీరు ఒప్పించింది ప్రాణం నిలిపే అవకాశాన్ని పెంచే వైద్యానికి. దాని వెంట ఒక చిన్న శాతంలో వచ్చే ఇబ్బంది అమ్మకు వచ్చింది. ఈ రెండు మాటలూ నిజమే, ఒకదాన్ని ఒప్పుకోవడానికి ఇంకొకదాన్ని కాదనక్కర్లేదు. అమ్మ వద్దన్నా మీ మాట మీద ఒప్పుకున్నారన్న బాధ మీకుంది. ఆ బాధ ఉండనివ్వండి. కానీ దాన్ని తప్పు అనకండి, తెలిసిన వివరాలతో ఆ రోజు చేయగలిగిన నిర్ణయమే మీరు చేశారు.

మాత్రల సంగతి. మీ ముందు మూడు దారులున్నాయి, మూడింటి ఫలితమూ చెప్తాను.

మొదటిది, ఏమీ వాడకుండా చూడటం. సీటీలో వాపు కనిపించి, మనిషికి బాధ లేకపోతే మేమూ అదే చేస్తాం, చాలామందికి దానంతటదే సర్దుకుంటుంది. కానీ గేటు దాకా నడిస్తే ఆయాసం వచ్చే మనిషికి ఈ దారి నేను ఎంచుకోను. వాపు అలాగే ఎక్కువకాలం ఉంటే ఆ కొద్ది నెలలూ అమ్మ మంచానికి అతుక్కుపోతారు, కండ బలం తగ్గుతుంది, ఆపైన ఏ చిన్న ఇన్ఫెక్షన్ వచ్చినా ఆస్పత్రి పాలవుతారు.

రెండోది, ఇంట్లో మిగిలి ఉన్న మాత్రలు మీరే మళ్లీ మొదలుపెట్టడం. దయచేసి ఇది చేయవద్దు. షుగర్ 280 దాటిన మనిషికి దాన్ని అదుపు చేసే ఏర్పాటు లేకుండా స్టెరాయిడ్ ఇస్తే రెండు వారాల్లో మళ్లీ ఇక్కడికే వస్తారు.

మూడోది, డాక్టర్ దగ్గర కూర్చుని పూర్తి కోర్సు వేయించుకోవడం. ఈ జబ్బుకు సాధారణంగా ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌ను మనిషి బరువులో కిలోకు ఒక మిల్లీగ్రాము లెక్కన, 60 మిల్లీగ్రాములకు మించకుండా మొదలుపెట్టి, రెండు వారాలు అలాగే ఉంచి, తర్వాత ఆరు నుంచి పన్నెండు వారాల్లో మెల్లగా తగ్గిస్తారు. అమ్మ బరువునూ షుగర్‌నూ చూసి మీ డాక్టర్ తక్కువతో మొదలుపెట్టవచ్చు, అది ఆయన నిర్ణయం. ఇంతకాలం ఎందుకో పైన చెప్పినదాన్ని బట్టి మీకే అర్థమవుతుంది. స్టెరాయిడ్ ఆ సంకేతాల గొడవను అణిచి ఉంచుతుందే గానీ, దాన్ని పుట్టించిన దెబ్బను మాన్పదు. దెబ్బ సర్దుకునేదాకా మూత పెట్టి ఉంచాలి. మధ్యలో తీసేస్తే వాపు తిరగబెడుతుంది. అమ్మకు వారంలోనే దగ్గు మళ్లీ వచ్చింది అందుకే, మందు పనిచేయక కాదు. సగానికి తగ్గిందంటే బాగా పనిచేసినట్టే లెక్క.

ఈ మూడో దారికి ఉన్న ఖర్చు కూడా చెప్పాలి. షుగర్ పెరుగుతుంది. ఆ కొద్ది వారాలకు ఇన్సులిన్ అవసరం కావచ్చు. ‘ఇన్సులిన్ పెడితే జీవితాంతం’ అని ఊళ్లో అంటారు, ఇక్కడ అది నిజం కాదు, స్టెరాయిడ్ తగ్గినకొద్దీ చాలామందికి ఇన్సులిన్ కూడా తగ్గుతుంది. నిద్ర పట్టకపోవడానికి సులువైన ఉపాయం మోతాదు మొత్తం పొద్దున టిఫిన్ తర్వాత ఒకేసారి వేసుకోవడం. అమ్మ రాత్రి కూడా వేసుకుంటున్నారేమో అడిగి చూడండి. ముఖం ఉబ్బు మందు ఆపిన కొన్ని వారాలకు పోతుంది. స్టెరాయిడ్ ఎముకలను పలచన చేస్తుంది, లెట్రోజోల్ కూడా చేస్తుంది, కాబట్టి కాల్షియం, విటమిన్ డి గురించి అడగండి. నెలకు మించి ఎక్కువ మోతాదు వాడేటప్పుడు ఒక రకం న్యుమోనియా రాకుండా కోట్రైమాక్సజోల్ మాత్ర కలుపుతారు, అది అమ్మకు కావాలో లేదో కూడా అడగండి. వేసుకోవడం మొదలుపెట్టి మూడు వారాలు దాటితే ఒక్కసారిగా ఆపడం మాత్రం ప్రమాదం. అప్పటికి ఒంట్లో సొంతంగా తయారయ్యే స్టెరాయిడ్ నిద్రపోయి ఉంటుంది, ఉన్నట్టుండి బీపీ పడిపోయి మనిషి కూలబడవచ్చు.

ఇన్ని చెప్పాక కూడా అమ్మ ‘నాకొద్దు’ అంటే ఆ మాటకు విలువ ఉంది. అప్పుడు తక్కువ మోతాదుతో ప్రయత్నిద్దామా, రెండు వారాలు మాత్రమే చూద్దామా అని డాక్టర్ ముందు ఆమే అడిగేలా చేయండి. మీరు ఒప్పించడం, ఆమె ఒప్పుకోవడం ఒకసారి అయింది. ఈసారి డాక్టర్ ఆమెతో నేరుగా మాట్లాడనివ్వండి.

లెట్రోజోల్ సంగతి వేరు. దగ్గుకూ, షుగర్‌కూ అది కారణం కాదు. కాన్సర్ తిరగబెట్టకుండా కాపాడే మాత్ర అది, కనీసం ఐదేళ్లు వేసుకోవాలి. కొన్ని రోజులు తప్పినంత మాత్రాన నష్టం జరిగిపోదు, కానీ ఈ గొడవలో నెలలు గడిచిపోకూడదు. కాన్సర్ డాక్టర్‌కు ఫోన్ చేసి చెప్పి మళ్లీ మొదలుపెట్టించండి.

మావయ్యకు మీరు గట్టిగా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. పరీక్ష లేకుండా టీబీ మందులు వద్దు. టీబీ అనుమానం తప్పు కాదు, మన దగ్గర ఎడతెగని దగ్గు ఏదైనా ముందు అదే అడగాలి. స్టెరాయిడ్ వాడితే ఒంట్లో దాగి ఉన్న టీబీ లేస్తుంది కూడా. అందుకని కళ్లె పరీక్ష చేయించండి. ట్రూనాట్ లేదా సీబీనాట్ అనే పరీక్ష ప్రభుత్వ టీబీ కేంద్రాల్లో ఉచితంగా చేస్తారు, చాలాచోట్ల ఒకటి రెండు రోజుల్లో ఫలితం వస్తుంది. పొడి దగ్గు కాబట్టి కళ్లె రాకపోతే ఉప్పునీటి ఆవిరి పట్టించి తీస్తారు. పరీక్ష చేయకుండా ‘ఎందుకైనా మంచిది’ అని కోర్సు మొదలుపెడితే రెండు వైపులా నష్టం. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ కాలేయాన్ని ఉరకలెత్తించి ప్రెడ్నిసొలోన్‌ను త్వరగా బయటికి పంపేస్తుంది, ఆ మాత్ర వేసుకున్నా సగం పనే చేస్తుంది. అప్పుడు దగ్గు తగ్గకపోతే ఎందుకు తగ్గలేదో ఎవరికీ అంతు చిక్కదు.

పెట్ స్కాన్ గురించి. వాపు ఉన్న చోట కూడా పెట్ స్కాన్ వెలుగుతుంది, కాన్సర్ ఉన్న చోటా వెలుగుతుంది. ఇప్పుడు తీయిస్తే ‘అనుమానంగా ఉంది’ అన్న రిపోర్టు చేతికి వచ్చి ఇంట్లో ఇంకో నెల నిద్ర ఉండదు. సీటీ స్కానే దీనికి మేలైన సాక్ష్యం. న్యూమోనియా అయితే ఊపిరితిత్తి తమ్మెల (లోబ్‌ల) హద్దులను బట్టి పాకుతుంది. రేడియేషన్ వాపు కిరణం వెళ్లిన దారిని బట్టి ఉంటుంది, కొన్నిసార్లు స్కేలు పెట్టి గీసినట్టు తిన్నని అంచు కనిపిస్తుంది. సీటీ సీడీనీ రేడియేషన్ ప్లాన్‌నూ పక్కపక్కన పెట్టి చూడమని మీ రేడియేషన్ డాక్టర్‌ను అడగండి. వాపు ఆ దారిలోనే ఉంటే సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి. దానికి దూరంగా, రెండో ఊపిరితిత్తిలో కూడా ఉంటే మాత్రం ఇంకా వెతకాలి. రొమ్ము రేడియేషన్ తర్వాత అరుదుగా ఆర్గనైజింగ్ న్యుమోనియా అని అలా బయటికి పాకేది ఒకటుంది, దానికీ స్టెరాయిడే మందు. కీమో మందుల వల్ల కూడా వాపు రావచ్చు, కాబట్టి ఏ కీమో ఇచ్చారో రాసి ఉన్న కాగితం కూడా తీసుకెళ్లండి.

మీ వదినకు చెప్పవలసింది ఒక్క ముక్క. మెషీన్‌తో బయటి నుంచి పెట్టిన కిరణాలు ఒంట్లో నిలవవు, మెషీన్ ఆపగానే ఏమీ మిగలదు. ఎక్స్‌రే తీయించుకున్నవాళ్లను మనం దూరం పెట్టం కదా. పాప ఇప్పుడే వెళ్లి నానమ్మ పక్కన పడుకోవచ్చు. జాగ్రత్త ఉండవలసింది ఇంకో వైపు నుంచి. స్టెరాయిడ్ వాడుతున్నప్పుడు పాపకు జలుబు, జ్వరం ఉంటే అమ్మకు అంటుకోకుండా చూడాలి. ఇంట్లో కట్టెల పొయ్యి ఉంటే అమ్మను దాని దగ్గరికి వెళ్లనివ్వకండి, అగరబత్తీల పొగ కూడా వద్దు. పెరుగు మానమని, అరటిపండు మానమని చెప్పేవాళ్లు ఉంటారు, మానక్కర్లేదు. ఎవరైనా దగ్గుకు పొడి తెచ్చి ఇస్తే మాత్రం డాక్టర్‌కు చూపించకుండా వేయకండి, కొన్నింటిలో పేరు చెప్పకుండా స్టెరాయిడ్ కలిపి ఉంటుంది.

అమ్మకు నిజం చెప్పాలా అన్నదే ఈ ఉత్తరంలో కష్టమైన ప్రశ్న. చెప్పకపోతే ఏమవుతుందో ముందు చూడండి. ఇంట్లో అన్నాచెల్లెళ్లు మాట్లాడుకోవడం లేదు, కోడలు పాపను దగ్గరికి రానివ్వడం లేదు, పెట్ స్కాన్ అంటూ గుసగుసలు. ఇవన్నీ చూసే మనిషి తనకు కాన్సర్ తిరగబెట్టిందనే అనుకుంటుంది. మాత్రలన్నీ ఒకేసారి పారేయడం వెనక ఆ నిరాశే ఉందేమోనని నా అనుమానం. చెప్తే ఆమెకు కోపం రావచ్చు, ‘నేను ముందే వద్దన్నాను’ అనవచ్చు. ఆ మాట మీ మొహం మీద పడుతుంది, తట్టుకోవలసింది మీరే. అయినా నేనైతే చెప్పడానికే మొగ్గుతాను. ‘ఇది కాన్సర్ కాదమ్మా, రేడియేషన్ వల్ల వచ్చిన వాపు, కొన్ని నెలల్లో తగ్గేది’ అన్న మాట ఆమెకు భయం కంటే ఊరటే ఇస్తుందని నా నమ్మకం. మీరు చెప్పలేకపోతే రేడియేషన్ డాక్టర్‌ను చెప్పమనండి, ఆ గదిలో అన్నయ్యను కూడా కూర్చోబెట్టండి.

అన్నయ్యను పిలవమనడానికి ఇంకో కారణం ఉంది. పల్లెలో అమ్మను చూసుకునేది ఆయన. మాత్ర వేళకు వేసేదీ, షుగర్ చూసేదీ, రాత్రి ఆయాసం వస్తే బండి కట్టించేదీ ఆయనే. ఆయన కోపంలో భయం ఎంతో, పక్కన ఉండి దగ్గు వింటూ ఏమీ చేయలేకపోతున్న బాధ ఎంతో విడదీసి చూడండి. ‘తప్పు నాదా నీదా’ అన్న మాట ఎత్తకుండా, ఆక్సీమీటర్ రీడింగ్ రోజూ నాకు పంపు అన్నయ్యా అని అడిగి చూడండి. ఆయన ఒప్పుకోకపోతే వదినను అడగండి. అదీ కుదరకపోతే కోర్సు స్థిరపడే దాకా, అంటే మొదటి మూడు నాలుగు వారాలు, అమ్మను మీ దగ్గరే ఉంచుకోండి. సెలవు దొరకడం కష్టమని తెలుసు, కానీ మోతాదు ఎక్కువగా ఉండే రోజులు అవే.

ఆస్పత్రి మీద ఫిర్యాదు మీ హక్కు, ఎవరూ కాదనరు. అయితే న్యూమోనైటిస్ వచ్చినంత మాత్రాన వైద్యంలో తప్పు జరిగినట్టు కాదు. జరిగిందో లేదో తెలియాలంటే ప్లాన్ సమ్మరీ అడిగి తీసుకోండి. ఆ వైపు ఊపిరితిత్తిలో 20 గ్రే (రేడియేషన్ మోతాదును కొలిచేది గ్రేలలో), అంతకు మించి మోతాదు పడిన భాగం ఎంత శాతమో అందులో ఉంటుంది. గ్రంథుల ప్రాంతానికి కూడా పెట్టినప్పుడు అది 30, 35 శాతం లోపల ఉండేలా చూస్తారు. అంతకు మించి ఉంటే ఎందుకు మించిందో అడగవచ్చు. దగ్గు వచ్చే అవకాశం ఉందని, వస్తే వెంటనే మా దగ్గరికి రమ్మని మొదట్లో మీకు ఎవరూ చెప్పలేదని రాశారు. ఆ ఫిర్యాదు మాత్రం న్యాయమైనదే. ముందే చెప్పి ఉంటే రెండు కోర్సుల యాంటీబయాటిక్స్‌తో ఒక నెల పోయేది కాదు. ఆ మాట ఆస్పత్రికి రాతపూర్వకంగా ఇవ్వండి, తర్వాత వచ్చే పేషెంట్లకైనా ఉపయోగపడుతుంది. కానీ ఇప్పుడే కోపంతో వెళ్లి వేరే ఆస్పత్రికి మారితే ప్లాన్ వివరాలు తెలిసిన డాక్టర్ దూరమవుతారు. ఖమ్మంలోనో, కొత్తగూడెంలోనో ఒక ఛాతీ డాక్టర్‌ను దగ్గరుండి చూసుకోవడానికి పెట్టుకుని, ఆయనకూ రేడియేషన్ డాక్టర్‌కూ ఫోన్‌లో మాట కలిపిస్తే ప్రతిసారీ హైదరాబాద్ రావలసిన పని తప్పుతుంది.

ముందుముందు ఎలా ఉంటుందో కూడా మీరు అడగకపోయినా చెప్తాను. ఈ స్థాయి న్యూమోనైటిస్ వచ్చినవాళ్లలో ఎక్కువమంది మందుతో కోలుకుంటారు. కిరణం తగిలిన ఆ చిన్న భాగంలో మచ్చ మిగులుతుంది, రేపు ఎప్పుడు ఎక్స్‌రే తీయించినా అది కనిపిస్తుంది, చూసిన ప్రతి కొత్త డాక్టరూ టీబీ మచ్చా అని అడుగుతాడు. పాత సీటీ రిపోర్టు ఒక కాపీ ఇంట్లో ఎప్పుడూ ఉంచండి. ఊపిరితిత్తిలో మిగతా గదులు వేటికవే పనిచేసుకుంటాయి కాబట్టి ఒక మూల పోయినా రోజువారీ పనులకు సాధారణంగా ఇబ్బంది రాదు. అయితే మెట్లు ఎక్కేటప్పుడు ఆయాసం కొంత మిగిలిపోవడం కొందరిలో జరుగుతుంది. మచ్చ ఎంత ఉంటుందో తేలడానికి ఏడాదిన్నర, రెండేళ్లు ఆగాలి.

డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు స్టెరాయిడ్ ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఎన్ని మిల్లీగ్రాములో, ఎప్పుడు ఎంత తగ్గించాలో తెలుగులో ఒక కాగితం మీద రాయించుకోండి. తగ్గించేటప్పుడు దగ్గు పెరిగితే ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు కూడా దాని మీదే రాయించి, ఒక కాపీ అన్నయ్యకు ఇవ్వండి.